నగర చరిత్ర ప్రాజెక్టు చేసేవాళ్లకు ఇంటర్నెట్ ఆర్కైవ్ ఎంతవరకు పనికొస్తుంది? నా రివ్యూ

ఒక నగరం మీద చిన్న డాక్యుమెంటరీ తీద్దాం, పాత వీధుల ఫొటోలు పోగేద్దాం, పెద్దవాళ్లతో మాట్లాడి పాడ్‌కాస్ట్ చేద్దాం అనుకునేవాళ్లు ఇప్పుడు చాలామంది కనిపిస్తున్నారు, చూస్తే నిజంగా సంతోషంగా ఉంటుంది. కెమెరా ఏది కొనాలి, మైక్ ఏది బాగుంటుంది, ఎడిటింగ్ దేంట్లో చేయాలి, ఇవన్నీ అడుగుతారు. ప్రాజెక్టు అయిపోయాక ఆ ఫుటేజీ, ఆ స్కాన్‌లు, ఆ రెండేసి గంటల ఇంటర్వ్యూలు ఎక్కడ ఉండాలి అనేది మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు. అవి టీంలో ఎవరో ఒకరి హార్డ్ డిస్క్‌లో ఉండిపోతాయి, ఆ మనిషి ఉద్యోగం మారి వేరే చోటికి వెళ్లిపోయాక ఆ డిస్క్ ఏ అలమారాలో ఉందో అడిగేవాడూ ఉండడు. తీసిన సినిమా ఇరవై నిమిషాలు ఉంటుంది, తీయడానికి వాడిన సామగ్రి నలభై గంటలు ఉంటుంది. రేపు చరిత్ర రాసేవాళ్లకు పనికొచ్చేది ఆ నలభై గంటలే.

అందుకే ఈ రివ్యూ కెమెరా గురించి కాకుండా దాచుకునే చోటు గురించి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. పైసా ఖర్చు లేకుండా, అసలు ఫైల్ని ఉన్నదున్నట్టు పెట్టుకుని, ఎవరికైనా లింక్ ఇచ్చి, చాలా ఏళ్ల తర్వాత కూడా దొరుకుతుందని కాస్త నమ్మకంగా చెప్పగలిగే చోట్లలో నేను ముందు చెప్పే పేరు ఇంటర్నెట్ ఆర్కైవ్. ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కూడా వివరంగా చెబుతా, ఎందుకంటే అది తెలియకుండా మొత్తం అక్కడే పెట్టేసి నిశ్చింతగా కూర్చుంటే దెబ్బతింటారు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది 1996లో బ్రూస్టర్ కేల్ మొదలుపెట్టిన లాభాపేక్ష లేని సంస్థ, శాన్ ఫ్రాన్సిస్కోలో ఒకప్పుడు చర్చిగా ఉన్న భవనంలో నడుస్తుంది. పాత వెబ్ పేజీలు చూపించే వేబ్యాక్ మెషీన్‌ని 2001లో అందరికీ తెరిచారు, చాలామందికి ఈ సంస్థ తెలిసింది దానివల్లే, 2025 అక్టోబరుకి అందులో దాచిన పేజీలు లక్ష కోట్లకు చేరాయి. అయితే నగర చరిత్ర పని చేసేవాళ్లకు దీని రెండో ముఖం ఇంకా ముఖ్యం. అకౌంట్ తెరిచి మన ఆడియోలు, వీడియోలు, స్కాన్‌లు మనమే ఎక్కించుకోవచ్చు.

యూట్యూబ్ చానెల్ ఉంది, ఫేస్‌బుక్ పేజీ ఉంది, మళ్లీ ఇదొకటి ఎందుకు అంటారా? వెనక్కి తిరిగి ఏం జరిగిందో ఒకసారి చూడండి. జియోసిటీస్ అని జనం సొంత పేజీలు పెట్టుకునే పెద్ద సైటు ఉండేది, 2009 అక్టోబరులో యాహూ దాన్ని మూసేసింది. ఆర్కైవ్ టీమ్ అనే వాలంటీర్ల బృందం, ఇంటర్నెట్ ఆర్కైవ్ లాంటివాళ్లు పరుగులు పెట్టి చాలావరకు దించుకోబట్టి ఇవాళ వాటిని చూడగలుగుతున్నాం. మైస్పేస్ అనే సోషల్ మీడియా సైటులో 2015 వరకు జనం ఎక్కించిన పాటలు సర్వర్లు మార్చేటప్పుడు పోయాయని 2019లో బయటపడింది, ఊరూపేరూ లేని చిన్న చిన్న బ్యాండ్ల పాటలు ఎన్నో అందులో ఉన్నాయి. స్థానిక వార్తల సంగతి ఇంకా దారుణం. న్యూయార్క్, షికాగో నగరాల్లో పేట పేటకీ వార్తలు రాసే డీఎన్ఏఇన్ఫో అనే సైటుని 2017 నవంబరులో యజమాని ఉన్నట్టుండి మూసేశాడు. అప్పుడు ఏ కథనం తెరిచినా ఆయన రాసిన ఉత్తరమే కనిపించింది. పాత కథనాలు తర్వాత తిరిగి వచ్చాయి, కానీ ఏళ్ల తరబడి రాసిన విలేఖరులకు తమ పనే తమకు కనబడకుండా పోయింది కదా, ఆ టెన్షన్ ఊహించుకోండి. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్లు తిరిగేసరికి తెరుచుకోవడం లేదని ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2024లో లెక్క తేల్చింది.

కాబట్టి ప్రాజెక్టు మొదటి రోజే చేయాల్సిన పని ఒకటి ఉంది. మీ నగరం గురించి రాసిన వార్తా కథనం ఏది మీరు వాడుకున్నా, దాని లింక్‌ని వేబ్యాక్ మెషీన్‌లో 'సేవ్ పేజ్ నౌ' అనే పెట్టెలో వేసి ఒక్క నొక్కు నొక్కండి. ఆ క్షణాన ఆ పేజీ ఎలా ఉందో అలా తేదీతో సహా నిలిచిపోతుంది. మీ సొంత ప్రాజెక్టు సైటుకి కూడా ఇదే చేయండి, ఎందుకంటే డొమైన్ (సైటు పేరు) డబ్బులు కట్టడం మానేసిన ఏడాది అదీ పోతుంది. మామూలు రాత, ఫొటోలు ఉన్న పేజీలు ఇందులో బాగా వస్తాయి. కదిలే మ్యాపులు, సోషల్ మీడియా పోస్టులు, పేజీలో పొదిగిన వీడియోలు చాలాసార్లు సరిగ్గా రావు, సేవ్ అయ్యాక ఒకసారి తెరిచి చూసుకోవడం మంచిది.

ఇక అప్‌లోడ్ సంగతి. పద్ధతి సులువే. ఫైళ్లు లాగి పెట్టెలో వదలడం, శీర్షిక, వివరణ, ట్యాగులు, తేదీ, భాష, లైసెన్సు (ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పేది) నింపడం, అంతే. ఒక ఇంటర్వ్యూకి ఒక పేజీ చేసుకుని అందులోనే ఆడియో, మాట్లాడిన మనిషి ఫొటో, మాటల రాతప్రతి పీడీఎఫ్, మూడూ కలిపి పెట్టొచ్చు. నాకు చాలా నచ్చిన విషయం ఏమిటంటే మీరిచ్చిన అసలు ఫైల్ని అది ముట్టుకోదు. పెద్ద వేవ్ ఫైల్, అంటే కుదించని ఆడియో, ఇస్తే దాన్ని అలాగే ఉంచి, పక్కన వినడానికి తేలికగా ఉండే ఎంపీ3 తనే తయారు చేసుకుంటుంది, వీడియో అయితే బ్రౌజర్లో ఆడే కాపీ చేసుకుంటుంది. చూసేవాడు మామూలుగా ఆ తేలిక కాపీ చూస్తాడు, డాక్యుమెంటరీ తీసేవాడు వస్తే అన్ని ఫైళ్లూ చూపించే లింక్ నొక్కి అసలుది దించుకుంటాడు. యూట్యూబ్‌లో జనం చూసేది కుదించిన కాపీనే, వేరేవాడు వచ్చి మీ అసలు ఫైల్ తీసుకునే దారి అక్కడ లేదు.

కొత్తవాళ్లకు ఒక చిట్కా చెబుతా. అప్‌లోడ్ ఫారంలో 'టెస్ట్ ఐటెం' అని ఒక ఆప్షన్ ఉంటుంది. అది పెట్టి ఎక్కిస్తే 30 రోజుల తర్వాత దానంతటదే పోతుంది. ముందు అందులో ఒకటి రెండు ప్రయత్నించి చూసుకుని తర్వాత అసలు పని మొదలుపెట్టండి, ఎందుకంటే పేజీ అడ్రసులో వచ్చే పేరు, దాన్ని ఐడెంటిఫయర్ అంటారు, ఒకసారి పెట్టాక మార్చడం కుదరదు. శీర్షిక ఎన్నిసార్లైనా దిద్దొచ్చు, అడ్రసు మాత్రం అంతే. టీం మొత్తానికి ఒకే పద్ధతి ముందే అనుకోండి, నగరం పేరు, పేట పేరు, వరస నంబరు ఇలా. వందల ఫైళ్లు ఉంటే ఒక్కొక్కటీ చేత్తో ఎక్కించనక్కర్లేదు, వివరాలన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో రాసుకుని వాళ్లిచ్చే 'ఐఏ' అనే చిన్న కమాండ్ లైన్ (ఆదేశాలు టైపు చేసి నడిపే) ప్రోగ్రాంతో మొత్తం ఒకేసారి పంపొచ్చు. మీ టీంలో కాస్త కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్లు ఎవరైనా ఉంటే ఈ పని వాళ్లకి అప్పజెప్పండి, చాలా సమయం మిగులుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఎంత మంచి చోట పెట్టినా, ఆ ఫారంలో మీరేం రాశారన్నదాని మీదే మొత్తం విలువ ఆధారపడి ఉంటుంది. 'పాత బజారు ఫొటో' అని రాసి పడేస్తే అది ఉన్నా లేనట్టే. ఎవరు తీశారు, ఎప్పుడు, ఏ వీధి, కెమెరా ఏ వైపు చూస్తోంది, ఎవరి ఇంట్లో దొరికింది, ఎవరు చెప్పగా ఈ వివరం తెలిసింది, ఇవి కావాలి.

దీనికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఓల్డ్ ఎన్‌వైసీ అనే సైటు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ దగ్గరున్న వేల కొద్దీ పాత వీధుల ఫొటోలని మ్యాపు మీద చుక్కలుగా పెట్టారు, మీకు కావలసిన మూల మీద నొక్కితే తొంభై ఏళ్ల కిందట ఆ మూల ఎలా ఉందో కనిపిస్తుంది. ఆ ఫొటోల్లో చాలావాటిని పర్సీ లూమిస్ స్పెర్ అనే ఆయన 1920లు, 30లు, 40ల్లో లైబ్రరీ కోసం తీశాడు. ఆ మ్యాపు చూసినవాళ్లు టెక్నాలజీని మెచ్చుకుంటారు, నేను మాత్రం ఆ ఫొటోల వెనకవైపుని మెచ్చుకుంటాను. చాలా ఫొటోల వెనక ఏ రెండు వీధులు కలిసే చోట తీసింది, ఏ భవనం కనిపిస్తోంది, ఏ తేదీ అని టైపు చేసిన రాత ఉంది. ఆ వీధుల పేర్లని బట్టే చుక్క ఎక్కడ పెట్టాలో తెలిసింది. వెనకవైపు ఖాళీగా ఉండి ఉంటే ఎంత తెలివైన ప్రోగ్రామరు వచ్చినా చేయగలిగింది ఏమీ లేదు. అందుకే ఫొటోలు స్కాన్ చేసే ప్రతి ఒక్కరికీ నా మనవి, వెనకవైపు కూడా స్కాన్ చేయండి. పెన్సిల్‌తో గీసిన తేదీ, స్టూడియో ముద్ర, ఎవరో రాసిన ముద్దు పేరు, అన్నీ కావాలి. ఆల్బమ్‌లో అంటించి ఉంటే ముందు ఆ పేజీ మొత్తం ఒక స్కాన్ తీసి, తర్వాతే విడి ఫొటోల జోలికి వెళ్లండి, ఏ ఫొటో పక్కన ఏది ఉందో కూడా సమాచారమే.

రాసిపెట్టకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనే ఉన్న ఒక ఫిల్మ్ చూడండి. 'ఎ ట్రిప్ డౌన్ మార్కెట్ స్ట్రీట్' అని, శాన్ ఫ్రాన్సిస్కోలో మైల్స్ బ్రదర్స్ అనే స్టూడియోవాళ్లు కేబుల్ కారు ముందు కెమెరా బిగించి మార్కెట్ స్ట్రీట్ పొడవునా ఫెర్రీ బిల్డింగ్ దాకా తీసిన పదమూడు నిమిషాల మూకీ. గుర్రపు బళ్లు, సైకిళ్లు, కారు కింద పడబోయి తప్పించుకునే పిల్లలు, టోపీలు పెట్టుకున్న మగవాళ్లు, ఎవడికీ ట్రాఫిక్ రూలంటూ లేదు. కాస్త గమనిస్తే ఒకే మోటారు కారు మళ్లీ మళ్లీ తిరిగొచ్చి కెమెరా ముందు పోతుంటుంది, రద్దీ ఎక్కువ కనపడాలని తిప్పినట్టున్నారు. ఈ ఫిల్మ్ 1905లో తీసిందని చాలాకాలం అందరూ అనుకున్నారు. డేవిడ్ కీన్ అనే సినిమా చరిత్రకారుడు రోడ్డు మీద నిలిచిన వాన నీళ్లు చూసి అనుమానపడ్డాడు, అప్పటి పేపర్లలో వాతావరణం వెతికాడు, ఒక కారు నంబరు ప్లేటు పట్టుకుని అది 1906 మొదట్లో రిజిస్టర్ అయిందని తేల్చాడు. అలా తేలిందేమిటంటే ఇది 1906 ఏప్రిల్ 18న వచ్చిన భూకంపానికి కొద్ది రోజుల ముందు తీసింది. ఆ భూకంపం, దాని వెనకే వచ్చిన మంటలు ఆ వీధిలో మనకు కనిపించేదాంట్లో చాలా భాగాన్ని మింగేశాయి. అంటే వందేళ్లుగా జనం చూస్తున్న ఫిల్మ్ అర్థమే మారిపోయింది, ఒక్క తేదీ వల్ల. తీసిన రోజే డబ్బా మీద ఎవరైనా తేదీ రాసి, ఆ డబ్బా ఫిల్మ్‌తోపాటు ఉండి ఉంటే ఇంత కథ అక్కర్లేదు.

ఆ ఫిల్మ్ ఆర్కైవ్‌లో ఉన్నది ప్రెలింగర్ కలెక్షన్‌లో. రిక్ ప్రెలింగర్ సేకరించిన ఆ కలెక్షన్ అంతా ప్రకటనలు, ఫ్యాక్టరీల కోసం తీసినవి, పాఠశాలల కోసం తీసినవి, ఇళ్లలో తీసుకున్న హోం మూవీలు, అంటే సినిమా చరిత్ర పుస్తకాల్లో చోటు దొరకని సరుకు. నగర చరిత్రకి ఇంతకంటే మంచి వనరు ఉండదని నా నమ్మకం. పుట్టినరోజు వీడియోలో పిల్లాడి వెనక కిటికీలోంచి కనిపించే వీధి కోసం రేపు ఎవరో వెతుకుతారు. ఆయన ఈ సామగ్రితో 2006 నుంచి శాన్ ఫ్రాన్సిస్కోలో ప్రదర్శనలు వేస్తున్నాడు, తర్వాత డెట్రాయిట్ లాంటి నగరాలకీ తీసుకెళ్లాడు. వాటి పద్ధతి నాకు భలే ఇష్టం. తెర మీద మూకీ బొమ్మ నడుస్తుంటే హాల్లో కూర్చున్న జనమే అది ఫలానా వీధి, ఆ షాపు ఫలానావాళ్లది అని అరిచి చెప్పాలి. నిశ్శబ్దంగా కూర్చోమనే ప్రదర్శన కాదన్నమాట. ఏ నగరంలోనైనా చేయదగ్గ పని ఇది, ప్రొజెక్టరు, గోడ, జనం ఉంటే చాలు. మీరు చేస్తే మాత్రం ఒక మనిషిని రికార్డరుతో కూర్చోబెట్టండి, జనం చెప్పినవన్నీ వీడియోలో ఎన్నో నిమిషమో గుర్తు పెట్టుకుని ఆ తర్వాత ఆర్కైవ్ పేజీలో వివరణలో చేర్చండి. వివరణ ఎన్నిసార్లైనా దిద్దుకోవచ్చు కాబట్టి పేజీ ఏటేటా మెరుగవుతుంది.

పాత టీవీ వార్తలు దాచినవాళ్ల సంగతికొస్తే ఫిలడెల్ఫియాకి చెందిన మారియన్ స్టోక్స్ పేరు చెప్పుకోవాలి. ఆమె 1970ల చివరి నుంచి 2012లో చనిపోయేదాకా ఇంట్లో వీసీఆర్‌లు పెట్టి రాత్రీ పగలూ టీవీ రికార్డు చేసింది, దాదాపు 70,000 టేపులు అయ్యాయి, కుటుంబం వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి ఇచ్చింది. చానెళ్లే చెరిపేసి మళ్లీ వాడుకున్న రోజులవి. టేపుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా, మీ నగరంలో ఎవరి దగ్గరైనా వీహెచ్ఎస్, క్యాసెట్లు ఉంటే అన్నిటికంటే ముందు వాటి పని పట్టండి. టేపు మీది అయస్కాంత పూత పాడవుతుంది, ఆడించే మెషీన్లు దొరకవు, బాగుచేసేవాళ్లు అసలే దొరకరు. ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్, సౌండ్ ఆర్కైవ్ 2025 దాటితే చాలా టేపులు చేజారిపోతాయని ఎప్పుడో హెచ్చరించింది. కాగితం ఇంకో యాభై ఏళ్లు ఆగుతుంది, టేపు ఆగదు.

తెలుగు సామగ్రి పెట్టేవాళ్లకు ఒక మంచి మాట. స్కాన్ చేసిన పాత పత్రికలు, కరపత్రాలు, సావనీర్లు పీడీఎఫ్‌గా ఎక్కిస్తే ఆర్కైవ్ వాటిని తనే చదివి అక్షరాలుగా మార్చుకుంటుంది. దానికి వాడే టెసరాక్ట్ అనే ప్రోగ్రాంకి తెలుగు వచ్చు. కాకపోతే భాష దగ్గర తెలుగు అని మీరు చెప్పాలి, లేకపోతే అక్షరాల బదులు చెత్త వస్తుంది. చెప్పినా పాత అచ్చులో ఒత్తులు, చెరిగిన సిరా దగ్గర తప్పులు ఉంటాయి, అయినా ఒక మనిషి పేరో వీధి పేరో కొట్టి వెతికితే దొరికే అవకాశం ఉందంటేనే చాలా గొప్ప. శీర్షిక తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రెండూ రాయండి, వెతికేవాడు ఏ లిపిలో కొడతాడో తెలియదు.

ఇక లోపాలు. మొదటిది, మ్యాపు లేదు. నగర చరిత్ర అంటేనే ఫలానా చోట ఏముండేది అని కదా, ఆర్కైవ్‌లో మాత్రం చోటుని బట్టి చూసే సదుపాయం లేదు, వెతుకులాట మొత్తం మాటల మీదే నడుస్తుంది, ట్యాగులు సరిగ్గా లేని పేజీ సముద్రంలో పడ్డ ఉంగరమే. రెండోది, పేజీ చూడ్డానికి అందంగా ఉండదు. బళ్లో పిల్లలకో, వీధిలో పెద్దాయనకో ఆ లింక్ పంపితే ఎక్కడ నొక్కాలో తెలియక వెనక్కి వచ్చేస్తారు. అందుకే ఇది గోడౌన్ అనుకుని, ముందు భాగం వేరేది కట్టుకోవాలి. యూట్యూబ్ అందుకు పనికొస్తుంది, జనం ఉన్నది అక్కడే కాబట్టి. కథలా వరసగా చెప్పాలంటే ఒమేకా బాగుంటుంది, జార్జ్ మేసన్ యూనివర్సిటీలో 2008లో తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్, మ్యూజియంలో అట్టల మీద రాసి పెట్టినట్టు ప్రదర్శనలు కట్టుకోవచ్చు. దాని మీదే క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీవాళ్లు క్యూరేట్‌స్కేప్ అని కట్టారు, క్లీవ్‌లాండ్ హిస్టారికల్ అనే నగర చరిత్ర సైటు దానితోనే నడుస్తుంది, మ్యాపు మీద ఒక చోటు ఎంచుకుంటే ఆ చోటి కథ, ఫొటోలు, పెద్దవాళ్ల గొంతులు అక్కడే వస్తాయి. అలాంటిది నడపాలంటే హోస్టింగ్ డబ్బులు కావాలి, అప్‌డేట్లు చేసేవాడు కావాలి, ఆ మనిషి వెళ్లిపోతే సైటు కూలుతుంది. అసలు ఫైళ్లు ఆర్కైవ్‌లో ఉంటే కూలినా మళ్లీ కట్టుకోవచ్చు.

విడి ఫొటోలకైతే వికీమీడియా కామన్స్ ఇంకా మేలు, ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. 2004లో మొదలైంది, అక్కడ పెట్టిన ఫొటో నేరుగా వికీపీడియా వ్యాసంలోకి వెళ్లగలదు, అక్షాంశ రేఖాంశాలు ఇవ్వొచ్చు, ఎక్కడెక్కడి వాలంటీర్లో వచ్చి వర్గాలు సరిచేస్తారు, అది ఫలానా భవనం కాదు పక్కదని చెప్పేవాడు కూడా దొరుకుతాడు. కాకపోతే రూల్స్ గట్టివి. ఎవరైనా, వ్యాపారానికి కూడా, వాడుకోవచ్చనే లైసెన్సు ఇవ్వాల్సిందే, వ్యాపారానికి వాడొద్దు అనే షరతు పెడితే తీసుకోరు. ఎంపీ4 వీడియోలు తీసుకోరు, వెబ్‌ఎం అనే ఫార్మాట్‌లోకి మార్చుకోవాలి. ఇంట్లో ఉన్న ఫొటో కదా నాదే అనుకుంటారు చాలామంది, మీ సొంతం ఆ కాగితం ఒక్కటే, కాపీరైట్ హక్కు మామూలుగా తీసినవాడిది, అది తేలకపోతే అక్కడ పెట్టలేరు.

మూడో లోపం పెద్దది. ఆర్కైవ్ కూడా పడిపోగలదు. 2024 అక్టోబరులో దాని మీద సైబర్ దాడి జరిగింది, దాదాపు 3 కోట్ల 10 లక్షల అకౌంట్ల వివరాలు బయటికి పోయాయి, సైటు కొన్ని రోజులు మూతపడి, తర్వాత చూడ్డానికి మాత్రమే తెరుచుకుంది. దాచిన సామగ్రి చెక్కుచెదరలేదని వాళ్లు చెప్పారు, అది నిజంగా ఊరట. కోర్టు గొడవలూ ఉన్నాయి. పుస్తకాలు అరువిచ్చే పద్ధతి మీద పెద్ద పబ్లిషర్లు వేసిన కేసులో 2023లో ఓడిపోయారు, 2024 సెప్టెంబరులో అప్పీలు కూడా పోయింది, 5 లక్షలకు పైగా పుస్తకాలు అరువు జాబితాలోంచి తీసేయాల్సి వచ్చింది. మన ఇంటర్వ్యూలకీ ఆ కేసుకీ సంబంధం లేదు కానీ, విరాళాల మీద నడిచే ఒక సంస్థ నెత్తిన ఇన్ని భారాలు ఉన్నాయని తెలిసి ఉండాలి. నేను ఒక స్టారు తగ్గించింది ముఖ్యంగా ఇందుకే. ఆర్కైవ్‌లో ఒకటి, టీం దగ్గర హార్డ్ డిస్క్‌లో ఒకటి, వేరే చోట ఉన్న ఏ లైబ్రరీకో కాలేజీకో ఇచ్చిన డిస్క్ ఒకటి, మొత్తం మూడు కాపీలు ఉండేలా చూసుకోండి. డిస్క్‌ని ఏడాదికోసారి తెరిచి ఫైళ్లు ఆడుతున్నాయో లేదో చూసే బాధ్యత ఒక మనిషి పేరు మీద పెట్టండి. అందరి బాధ్యత అంటే ఎవరూ చూడరు. ఆర్కైవ్ అకౌంట్ పాస్‌వర్డ్ సంగతి కూడా అంతే, అకౌంట్ ఒక వ్యక్తి సొంత ఈమెయిల్ మీద కాకుండా ప్రాజెక్టు ఈమెయిల్ మీద తెరవండి.

నాలుగోది లోపం అనలేను, దాని స్వభావమే అది. అక్కడ పెట్టింది ప్రపంచం మొత్తానికి కనిపిస్తుంది. ఇది ముగ్గురే వినాలి, ఇది ఇరవై ఏళ్ల తర్వాత తెరవాలి అనే తాళాలు మామూలు అకౌంట్‌కి లేవు. ఫొటోల విషయంలో ఇది పెద్ద ఇబ్బంది కాదు. గొంతుల విషయంలో చాలా పెద్ద ఇబ్బంది. ఒక పెద్దావిడ గంటన్నర మాట్లాడుతూ మధ్యలో పేటలో జరిగిన గొడవ గురించి, ఒక కుటుంబం పరువు గురించి పేర్లతో సహా చెప్పేస్తుంది, మాటల్లో పడి రికార్డరు ఉందన్న సంగతే మర్చిపోతుంది. అప్పుడు తల ఊపి విన్నాం కదా అని దాన్ని అలాగే ఎక్కించేస్తే ఆమెకి ద్రోహం చేసినట్టే. ఒకసారి బయటికి వెళ్లాక తర్వాత అడిగి తీయించుకోవచ్చు, ఆలోపు దించుకున్నవాళ్ల దగ్గర్నుంచి మాత్రం వెనక్కి రాదు.

అందుకని ఇంటర్వ్యూకి ముందు ఒక సంతకం తీసుకుని ఊరుకోకూడదు, ముందు ఏం చెప్పబోతున్నారో వాళ్లకే తెలియదు. అయ్యాక ఆ రికార్డింగ్ వాళ్లకి వినిపించి, అప్పుడు ఒక చిన్న కాగితం ఇవ్వండి, వాళ్లకి వచ్చిన భాషలోనే. మొత్తం అందరికీ వినిపించొచ్చు, ఫలానా నిమిషం నుంచి ఫలానా నిమిషం వరకు తీసేసి వినిపించొచ్చు, నా తదనంతరం మాత్రమే, ఎవరికీ వద్దు, ఈ నాలుగింటిలో ఒకదాని పక్కన టిక్కు పెట్టించుకోండి. మొదటి రెండూ ఎంచుకున్నవాళ్లవి ఆర్కైవ్‌కి వెళ్తాయి. తర్వాతి రెండూ ఎంచుకున్నవాళ్లవి డిస్క్‌లో వేరే ఫోల్డర్లో ఉంటాయి, ఆ కాగితం స్కాన్ కూడా అదే ఫోల్డర్లో, ఫైల్ పేరు మొదట్లోనే 'బయట పెట్టవద్దు' అని రాసి.